చెవి సూదిమందును, దానికి ముందు వాడు స్థానిక మత్తుమందులును: సూరతు నగరపు పరిస్థితులకు అన్వయించి చేసిన తారతమ్య వివరణము

రాత్రి రెండు చెవులతోను విని పండుకొనిన మనుష్యుడు తెల్లవారి లేచునప్పటికి ఒక చెవి వినబడకుండుట అరుదుగానైనను సంభవించుచున్నది. చెవి పోటుండదు, చీము కారదు. చెవిలో ఏదో అడ్డుపడినట్లును, హోరుమని మ్రోగుచున్నట్లును మాత్రము తోచును. కొందరికి తల తిరుగును. మూడుదినములలోపల, వరుసగా మూడు స్వరస్థాయిలయందు, 30 డెసిబెల్లులకు తక్కువకాకుండ శ్రవణశక్తి నశించినయెడల దానిని ఆకస్మిక నాడీబధిరత్వమని వైద్యులు వ్యవహరింతురు. దీని కారణము పెక్కుమంది రోగులయందు తేలదు. కొందరికి దానంతటదియే కుదురును. మిగిలినవారికి ఇప్పటికి వాడుకలోనున్న ముఖ్యమైన ఔషధము స్టెరాయిడ్ జాతికి చెందినది. అది మొదటి రెండు వారములలో పడినచో గుణముండు అవకాశమెక్కువ. ఆరు వారములు దాటిన పిదప ఆశ మిక్కిలి తగ్గును.

ఈ ఔషధమును మాత్రల రూపమున మ్రింగింపవచ్చును, లేదా సన్నని సూదితో కర్ణభేరిని గ్రుచ్చి మధ్యకర్ణములో నింపవచ్చును. రెండవ పద్ధతియందు మందు లోపలి చెవికి గల గవాక్షపు పొర గుండ ఇంకి, దేహమంతట వ్యాపింపకయే పనిచేయవలసిన చోటికి చేరును. అమెరికా దేశమున 250 మంది రోగులపై జరిపి 2011లో ప్రకటించిన పరీక్షయందు, మ్రింగించిన మందుకంటె చెవిలో వేసిన మందు తక్కువది కాదని తేలినది. చక్కెరవ్యాధి గలవారికి స్టెరాయిడ్ మాత్రలు రక్తములోని చక్కెరను పెంచును గనుక చెవి సూదిమందే మేలని తలచుట కలదు. మాత్రలవలన గుణము కనబడనివారికి రెండవ ప్రయత్నముగా నిచ్చునదియు ఇదియే.

కాని ఈ సూది ఒక్కమారుతో తీరునది కాదు. పైన చెప్పిన పరీక్షలో రెండు వారములలో నాలుగు మారులు వేసిరి. సాధారణముగా మూడు నాలుగు మారులు రావలసియుండును. మొదటి సూది రోగిని హడలగొట్టినయెడల అతడు రెండవమారు రాడు. వచ్చుట మానిన రోగి విషయమై ఆస్పత్రి పుస్తకములో “హాజరు కాలేదు” అను రెండు మాటలు తప్ప మరేమియు మిగులదు. ఆ చెవి మాత్రము జన్మాంతము పోవును. కనుక సూదికి ముందు ఏ మత్తుమందు వాడవలెననునది వైద్యుని గదిలో తీరు చిన్న విషయముగా తోచినను, మందుల ఇండెంటుపై చేవ్రాలు చేయు అధికారికిని అందు పాలు కలదు.

సూరతు నగరమునకు ఈ విషయము మరింత సన్నిహితము. 2011వ సంవత్సరపు జనసంఖ్యలో ఆ నగరపాలక సంస్థ హద్దులలోనివారు 44 లక్షలకు పైబడియుండిరి. అమెరికాలో ఈ వ్యాధి సాలునకు లక్షకు 5 మొదలు 27 మంది వరకు కలుగునని అంచనా వేసియున్నారు. ఆ లెక్కనే ఇచ్చటను పెట్టుకొన్నచో సాలునకు ఇంచుమించు 220 నుండి 1,200 మంది వరకు అగుదురు. అందరికిని సూది అవసరముండదు. అయినను మందుల లెక్క వేయుటకు ఇది ఉజ్జాయింపుగా పనికివచ్చును.

ఆ నగరమున మరమగ్గముల కొట్టములు మెండు. లింబాయత్, ఉధనా మొదలగు పేటలలో తెలంగాణపు జిల్లాలనుండి తరలిపోయిన పద్మశాలీ కుటుంబములు తరములుగా నివసించుచున్నవి. నగరపాలక సంస్థవారు గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా భాషలతోపాటు తెలుగు మాధ్యమమునను ప్రాథమిక పాఠశాలలు నడుపుటయే వీరి సంఖ్యకు తగిన సాక్ష్యము. మగ్గముపై పన్నెండుగంటల వంతు సామాన్యము. కూలి నేసిన బట్ట కొలతనుబట్టి వచ్చును. ఒక వంతు తప్పినచో ఆనాటి కూలి లేదు. అట్టి రోగికి “ఒక గంట కూర్చుండుము, మందు పట్టవలెను” అని చెప్పుటకును, “ఒక నిమిషము మండును, ఓర్చుకొనుము” అని చెప్పుటకును గల భేదము పుస్తకములలోని భేదముకంటె పెద్దది.

ఇచ్చటనే ఒక హెచ్చరిక అవసరము. మగ్గముల మ్రోత ఎనిమిదిగంటలకు 90 డెసిబెల్లులు మించరాదని 1948వ సంవత్సరపు కర్మాగారముల చట్టము క్రింద ఏర్పరచిన నిబంధనలయందు నిర్ణయించియుండిరి. కొట్టములలో అంతకు మించిన ధ్వని ఏండ్లతరబడి చెవిని పడుటచే కలుగు బధిరత్వము వేరు. అది రెండు చెవులను మెల్లమెల్లగా తినివేయును, ముందుగా సన్నని స్వరములను హరించును. దానికి ఈ సూది పనిచేయదు. ఆకస్మికమైనది సాధారణముగా ఒక్క చెవికే, ఒక్క పూటలో, మగ్గమునకు సంబంధము లేకయే రావచ్చును. అయితే మగ్గము చెంత నిలుచువాడు ఏ చెవుడునైనను మ్రోతకే ముడిపెట్టి, “ఇది మన పనితో పుట్టినదే, ఏమి చేయుదుము” అని ఊరకుండును. చికిత్సకు లొంగు వ్యాధి చికిత్స లేని వ్యాధి చాటున దాగుట ఇట్లు జరుగుచున్నది.

మత్తుమందుల తారతమ్యము తెలియుటకు కర్ణభేరి నిర్మాణమును కొంచెము ఎరుగవలెను. అది ఒక సెంటిమీటరుకంటె కొంచెము తక్కువ వెడల్పు గలిగి, మిల్లీమీటరులో పదియవ వంతు మందము గల పొర. ఇంత పలుచనిదైనను అందు మూడు వరుసలు కలవు. వెలుపలి వరుస మన చర్మము వంటిదే, పైన గట్టి పొలుసు పొర కలది. నీటిలో కలిపిన మందులు దాని గుండ లోనికి దిగవు. నోటి లోపలను, కంటిపైనను చుక్క వేయగనే తిమ్మిరి పట్టించు ద్రావకము కర్ణభేరిపై వేసినప్పుడు పని చేయకుండుటకు కారణమిదియే. నడిమి వరుస నారల అల్లిక. లోపలి వరుస మధ్యకర్ణపు తడిపొర.

నరములును ఒక్కచోటినుండి వచ్చునవి కావు. వెలుపలి ముఖమున ముందు భాగమునకు దవడవైపునుండి వచ్చు నాడీశాఖయు, వెనుక భాగమునకు వేగసు నాడియొక్క చెవిశాఖయు చేరును. ఈ రెండవదాని మూలముననే కొందరికి చెవిలో ఏది పెట్టినను దగ్గు వచ్చును, ఒక్కొక్కప్పుడు మూర్ఛయు కలుగును. లోపలి ముఖమునకును, మధ్యకర్ణమునకును గొంతునకు సంబంధించిన తొమ్మిదవ శిరోనాడి శాఖ స్పర్శజ్ఞానమునిచ్చును. పైన పూసిన మందు ఈ లోపలి నాడిని బాగుగా చేరజాలదు. ఈ ఒక్క అంశమును గుర్తుంచుకొన్నచో తరువాత చెప్పబోవునదంతయు సులభముగా బోధపడును.

రోగి “నొప్పి” అని ఒక్క మాటతో చెప్పునది నిజమునకు నాలుగు వేర్వేరు బాధల కూర్పు. మత్తుమందు పూయునప్పటి బాధ ఒకటి. సూది గ్రుచ్చునప్పటిది రెండవది. మందు లోపల నిండి ఒత్తిడియు మంటయు పుట్టించునప్పటిది మూడవది. ఇంటికి వెళ్లిన తరువాత కొన్ని గంటలపాటు ఉండు సలుపు నాలుగవది. ఒక మత్తుమందు మంచిదా, చెడ్డదా అని వాదించువారిలో పెక్కుమంది ఈ నాలుగింటిలో దేనినిగూర్చి మాటలాడుచున్నారో చెప్పరు. అందువలననే ఒక వైద్యుడు మెచ్చినదానిని మరియొక వైద్యుడు నిందించుట తటస్థించుచున్నది.

స్థానిక మత్తుమందుల చరిత్ర 1884లో వియన్నా వైద్యుడు కార్ల్ కొల్లెర్ కంటిపై కొకెయిను చుక్కవేసి శస్త్రము చేయవచ్చునని చూపుటతో ఆరంభమైనది. చెవి వైద్యులు వెంటనే దానిని అందుకొనిరి గాని, పైన చెప్పిన పొలుసు పొర వారిని అడ్డగించినది. ఫ్రాన్సు దేశపు చెవివైద్యుడు బొనేన్ దీనికి యుక్తియైన ఉపాయము కనుగొనెను. కొకెయిను, మెంథాలు, ఫినాల్ అను మూడు గట్టి స్ఫటికములను సమభాగములుగా కలిపి నూరగా అవి నీరుచేర్పకయే ద్రవమయ్యెను. ఆ ద్రవము కర్ణభేరిలోనికి దిగెను. బొనేన్ ద్రావకమను పేర అది చాలకాలము ఐరోపా ఆస్పత్రులలో చెల్లినది. కొకెయిను విషగుణము వలనను, దానిపై నెలకొనిన చట్టపు కట్టుబాట్ల వలనను పిమ్మట మూలబడినది. భారతదేశమున 1985వ సంవత్సరపు మాదకద్రవ్యముల చట్టము దృష్ట్యా దానిని ఆస్పత్రి గిడ్డంగిలో నుంచుటకంటె మానుటయే మేలు.

స్వీడను దేశమున లోఫ్‌గ్రెన్, లుండ్‌క్విస్ట్ అను రసాయనజ్ఞులు 1943లో తయారుచేసి, 1948లో విక్రయమునకు వచ్చిన లిగ్నోకెయిను తరువాత ఈ రంగమునంతయు ఆక్రమించినది. దీనినే లిడోకెయిను అనియు, జైలోకెయిను అను వ్యాపారనామముతోను పిలుతురు. గిడ్డంగి గుమాస్తాలు ఇవి మూడు మందులని భ్రమించి మూడు పద్దులు తెరచుట వింత కాదు. మందు ఒక్కటియే.

ఇప్పుడు వాడుకలోనున్న వానిలో మొదట చెప్పదగినది ఫినాల్. కార్బాలిక్ ఆమ్లమన్నను ఇదే. నూటికి 80 మొదలు 90 వంతుల గాఢత గల ద్రవమును చిన్న దూది మొనతోనో, అందుకై చేసిన సన్నని కడ్డీతోనో, సూక్ష్మదర్శిని క్రింద చూచుచు కర్ణభేరిపై ఆవగింజంత చోట తాకింతురు. తాకిన చోటు వెంటనే తెల్లబడును. ఆ తెలుపే గురుతు. అచ్చట నరాగ్రములు చచ్చినవనియు, సూది అచ్చటనే దింపవలెననియు అది తెలుపును. తాకినప్పుడు కొన్ని క్షణములు చుఱుక్కుమని మండును. పిమ్మట ఒక నిమిషములోనే సూది వేయవచ్చును. పైన చెప్పిన నాలుగు బాధలలో రెండవదానిని ఇది బాగుగా తీసివేయును. మొదటిదానిని మాత్రము తానే కొంచెము కలిగించును. తరువాతి మారు వచ్చినప్పుడు అదే తెల్లని చోటును మరల వాడుకొనవచ్చునని చెప్పు వైద్యులును కలరు. కూలికి తొందరపడు రోగికి ఇంతకంటె తక్కువ కాలములో పనిచేయునది వేరొకటి లేదు. ఖర్చును మిక్కిలి స్వల్పము.

అయితే ఇది పొరపాటును క్షమించు మందు కాదు. ఒక బిందువు కర్ణనాళపు చర్మముపై జారినను పుండు పడును. మధ్యకర్ణములోనికి పోరాదు. సూక్ష్మదర్శిని లేనిచోట, చేయి తిరిగిన చెవివైద్యుడు లేనిచోట, దీనిని వాడరాదని చెప్పుటలో సందేహింప పనిలేదు. మునిసిపల్ గిడ్డంగులకు మరియొక చిక్కు కలదు. కాలువలకును, మరుగుదొడ్లకును చల్లు ఫినైల్ డబ్బాలు పారిశుద్ధ్యశాఖ గదిలో నుండును. ఫినాల్, ఫినైల్ అను పేర్లు వినుటకు దగ్గరివగుటచే ఇండెంటు ఒకచోట వ్రాసి సరకు మరొకచోటినుండి వచ్చుట అసంభవము కాదు. చెవికి వాడునది ఔషధ ప్రమాణములకు చెందిన శుద్ధమైన ఫినాల్. అది నల్లని లేక ముదురురంగు సీసాలో, వెలుతురు తగులకుండ, తాళముక్రింద ఉండవలెను. వెలుతురు తగిలినచో గులాబివన్నెకు తిరుగును. సీసాపై “చెవికి మాత్రము, చెవి వైద్యుని చేతికి మాత్రము” అని ఎఱ్ఱని చీటి అంటించుట అనవసరమని ఎవరైనను అన్నచో వారి మాట వినరాదు.

రెండవది లిగ్నోకెయిను, ప్రిలోకెయిను అను రెండు మందులను నూటికి 2.5 వంతుల చొప్పున చేర్చిన లేపనము. దీనిని ఈఎంఎల్ఏ అను నాలుగక్షరములు చేర్చి “ఎమ్లా” అందురు. ఇందలి రసాయన రహస్యము బొనేన్ కనుగొనినదే. రెండు గట్టి స్ఫటికములు సమముగా కలిసినప్పుడు గదివేడిమిలోనే నూనెవలె కరగును, ఆ నూనె పొలుసు పొరగుండ దిగును. కర్ణనాళము నిండునట్లు లేపనమును పెట్టి 45 నిమిషములు మొదలు ఒక గంట వరకు వేచియుండవలెను. పూయునప్పుడు బాధ లేదు. సూది గ్రుచ్చునప్పుడును బాగుగా తగ్గును. చర్మము కాలునను భయము లేదు. పిరికివారికిని, ఫినాల్ మంటను ఒకమారు చూచి వెనుదీసినవారికిని ఇది తగినది.

దీనియందు మూడు లోపములు కలవు. కాలము మొదటిది. గంటసేపు మందు పట్టుటకును, సూది తరువాత అరగంట పండుకొనుటకును కలిపినచో సగము పూట పోవును. రెండవది, గంట తరువాత ఆ లేపనమునంతను పీల్చు గొట్టముతో జాగ్రత్తగా తీసివేయవలెను. తీయకయే సూది దింపినచో సూదివెంట లేపనము లోనికి పోవును. ఇది చిన్న సంగతి కాదు. కర్ణభేరి దాటి మధ్యకర్ణములోనికి చేరు అవకాశమున్నచోట ఈ లేపనమును వాడరాదని తయారీదారుల సూచనాపత్రమే చెప్పుచున్నది. జంతువులపై చేసిన పరీక్షలలో అది లోపలి చెవికి హాని చేసినట్లు కనబడినది. వినికిడి తెప్పించుటకు వచ్చినవానికి వినికిడి చెరుచు మందు లోనికి పంపుట ఎంత విపరీతమో చెప్పనక్కరలేదు. మూడవది, రెండవ సూదికి వచ్చునప్పటికి మొదటి రంధ్రము పూడకయుండవచ్చును. అప్పుడు లేపనము తిన్నగా లోనికి పోవును. కనుక ప్రతి మారును, లేపనము పెట్టుటకు ముందే, కర్ణభేరిని చూచి రంధ్రము లేదని నిశ్చయింపవలెను. ఈ చూచుట నర్సుకు వదలివేయదగినది కాదు.

నూటికి 10 వంతుల లిగ్నోకెయిను తుంపర దాదాపు ప్రతి ఆస్పత్రిలోను దొరకును. ఒక్కొక్క నొక్కునకు 10 మిల్లీగ్రాముల మందు వెలువడును. అది ముక్కునకు, గొంతునకు ఉద్దేశించినది. తడిపొరపై చక్కగా పనిచేయును, కర్ణభేరి పైపొరపై అంతగా చేయదు. దూదిని తడిపి పావుగంటనుండి అరగంట వరకు కర్ణభేరిపై ఆనించియుంచినయెడల కొంత తిమ్మిరి పట్టును గాని, లేపనముతోను ఫినాల్‌తోను సమమని దీనిని చెప్పజాలము. చుక్కల రూపమునగల 4 వంతుల ద్రావకము ఇంకను బలహీనము. దొరకునది గనుక వాడుటయు, వాడితిమి గనుక మత్తు ఇచ్చినట్లే యని పుస్తకములో వ్రాయుటయు పెక్కుచోట్ల ఆచారమైనది. తుంపర రంధ్రము గుండ లోనికి పోయినచో కొన్ని గంటలపాటు విపరీతమగు తలతిరుగుడును వాంతులును పట్టుకొనును. రోగి అది వ్యాధి ముదురుటగా తలచును.

కర్ణనాళపు చర్మములోనికి లిగ్నోకెయిను సూది వేయుట మిక్కిలి గట్టి మత్తునిచ్చును, శస్త్రచికిత్సలకు అది అవసరము. కాని ఒక సన్నని సూది బాధ తప్పించుటకు మరి నాలుగు సూదులు గ్రుచ్చుట ఈ సందర్భమున తగదు. ఆ చర్మము ఎముకకు అంటియుండుటచే అచ్చటి సూది చాల నొప్పి పెట్టును, ఒక్కొక్కప్పుడు ముఖనాడి తిమ్మిరి పట్టి కొన్ని గంటలు మూతి వంకరపోవును. విద్యుత్తు సాయముతో లిగ్నోకెయిను అణువులను కర్ణభేరిలోనికి నెట్టు పద్ధతియు కలదు. పనిచేయును గాని పరికరము ప్రత్యేకముగా కావలెను. ఇక ఏ మత్తును లేకయే సన్నని సూదితో చటుక్కున గ్రుచ్చు వైద్యులును కలరు. నేర్పరి చేతిలో అది తోచినంత క్రూరము కాదు. అయినను నాలుగుమారులు రావలసిన రోగిని మొదటిమారే పరీక్షకు పెట్టుట వివేకమనిపించుకొనదు.

ఈ మందులలో ఏదియు మూడవ బాధను, అనగా మందు లోపల నిండునప్పటి బాధను, తీసివేయదని గ్రహింపవలెను. అది తొమ్మిదవ నాడి పరిధిలోనిది. దానిని తగ్గించునవి వేరు. స్టెరాయిడ్ సీసాను ఒంటివేడిమికి తెచ్చి వాడవలెను. చల్లని ద్రవము లోపలి చెవిని తాకినచో గది గిరగిర తిరిగినట్లుండును. వాడునది అర మిల్లీలీటరుకు అటునిటు మాత్రమే. దానిని మెల్లగా నింపవలెను. లోపలి గాలి వెలువడుటకు దారి యుండవలెను, అందుకై కొందరు మరియొక చిన్న రంధ్రము చేయుదురు. మిథైల్‌ప్రెడ్నిసొలోను డెక్సామెథసోనుకంటె ఎక్కువ మండును గనుక కొందరు వైద్యులు అందులో కొద్దిగా లిగ్నోకెయిను కలుపుదురు. తలతిరుగుడు సంగతి మరువకుండ రోగిని పండబెట్టియుంచిన చోట మాత్రమే ఇది తగును. సూది తరువాత 20 నుండి 30 నిమిషములు చెవి పైకి తిప్పి పండుకొని, మ్రింగకుండ, మాటలాడకుండ ఉండవలెను. మ్రింగినకొలది మందు గొంతులోనికి దిగి వృథాయగును. ఈ మాటలు రోగికి తన భాషలో చెప్పనిచో ప్రయోజనము లేదు. తెలుగు తప్ప రాని నేతపనివాని భార్యకు గుజరాతీలో “మ్రింగవద్దు” అని చెప్పి, ఆమె తల ఊపినదని సంతృప్తి పడుట పరిపాటి. సూరతులో తెలుగు బడులు ఉన్నవి గనుక తెలుగు చదివినవారు ఆ పేటలలోనే దొరకుదురు. నాలుగు పంక్తుల సూచనాపత్రము అచ్చొత్తించుట కష్టము కాదు.

ఏ మందు ఏ చోట అనునది ఇక తేలికగా నిర్ణయింపవచ్చును. సూరతులో 1964లో స్థాపింపబడిన ప్రభుత్వ వైద్యకళాశాలకు చేరిన న్యూ సివిల్ ఆస్పత్రియు, నగరపాలక సంస్థ తానే నడుపు ‘స్మిమేర్’ వైద్యకళాశాల ఆస్పత్రియు కలవు. సూక్ష్మదర్శినియు చెవివైద్యులును గల ఇట్టి పెద్ద ఆస్పత్రులలో ఫినాల్‌ను మొదటి మందుగాను, లేపనమును దానికి ఒప్పుకొననివారికిని, కర్ణనాళము ఇరుకై ఫినాల్ జారు భయమున్నవారికిని ఉంచుట ఉచితము. తుంపరను రెండును లేనినాడు మాత్రమే వాడవలెను. చిన్నపిల్లల విషయము వేరు. వారికి సాధారణముగా పూర్తి మత్తు అవసరమగును. శిశువులకు ప్రిలోకెయిను రక్తమును నీలివన్నెకు త్రిప్పు దోషము గలది గనుక లేపనపు మోతాదు విషయమై జాగ్రత్త వలయును.

ప్రతి రోగియొద్దను నాలుగు బాధలను వేర్వేరుగా, సున్న మొదలు పది వరకు అంకెలతో, అడిగి వ్రాయుట కూడ అవసరము. అంకెలు తెలియనివారికి నవ్వుమొగము మొదలు ఏడ్పుమొగము వరకు బొమ్మలు చూపవచ్చును. సూదివేసిన వైద్యుడే అడిగినచో రోగి మర్యాదకు “ఏమియు లేదు” అనును. వేరొకరు అడుగవలెను. ఈ అంకెలకంటె ముఖ్యమైన లెక్క మరియొకటి కలదు: మొదటి సూదికి వచ్చినవారిలో మూడవ సూదికి ఎందరు వచ్చిరి? ఏ మత్తుమందు వాడినవారు ఎక్కువగా తిరిగివచ్చిరో పుస్తకమును మూడుమాసములకొకమారు తిప్పి చూచినచో తెలియును. దీనికి వేరే వ్యయము లేదు.

1994లో ప్లేగు భయము వ్యాపించిన పిదప, 1995లో ఎస్. ఆర్. రావుగారు కమిషనరుగా వచ్చినది మొదలు, సూరతు పురపాలకము పారిశుద్ధ్యమును చక్కబెట్టి, పేటలవారీగా ప్రతిదినమును రోగముల లెక్క తెప్పించు అలవాటు చేసికొన్నది. జ్వరములకు పనికివచ్చిన ఆ అలవాటు చెవికిని పనికివచ్చును. పెద్ద ఆస్పత్రిలో ఏ మందు ఉన్నను, రోగి నాలుగవ వారమున వచ్చినచో దాని ప్రయోజనము సగము పోవును.

కావున పేట వైద్యశాలలవారును తాలూకా ఆస్పత్రులవారును చేయవలసినది మత్తుమందు కొనుట కాదు, రోగిని త్వరగా గుర్తించి పంపుట. సెకనుకు 512 కంపనములు గల శ్రుతిదండము ఒకటి చాలును. దానిని మ్రోగించి నుదుటి నడుమ ఆనించినప్పుడు ధ్వని చెడిన చెవివైపు వినబడినచో గుబిలి మొదలగు అడ్డు కారణమై యుండును. మంచి చెవివైపు వినబడినచో నాడీదోషమని అనుమానించి ఆనాడే పంపవలెను. వెల్లుల్లి కాచిన నూనె చెవిలో పోసికొనుట మనవారి ఇండ్లలో సామాన్యము. ఈ వ్యాధికి అది పనిచేయకపోవుటయే గాక, నూనె పట్టిన కర్ణభేరిపై ఫినాల్ సరిగా అంటదు. నూనె వేసిరో లేదో అడిగి వ్రాసి పంపిన మంచిది. “చెవిలో సూది” అనగనే చెవులు కుట్టించు కంసాలిని తలచుకొని భయపడువారికి, సూది గ్రుచ్చు చోటు ముందుగా తిమ్మిరి పట్టింతురని అచ్చటనే చెప్పవలెను.

పంపు చీటీపై వ్రాయవలసినవి: వినికిడి పోయిన తేదీ, ఏ చెవి, చక్కెరవ్యాధి కలదా, చెవిలో ఏమి వేసిరి, కర్ణభేరికి పూర్వమే రంధ్రము కలదా, ఏదైన మత్తుమందు ఇదివరలో పడకపోయినదా, రోగి మాటలాడు భాష ఏది. తేదీ తెలియనిచో “కొన్నాళ్లుగా” అని వ్రాయక, పండుగనో జీతపు దినమునో గురుతుపెట్టి అడిగి, దినముల సంఖ్య వేయవలెను.